పెద్దాయన, కుర్రాడు

ఆ సెప్టెంబరంతా నాకు శాక్సోఫోన్ ఒక్కటే వినిపించింది. ఆ రికార్డులో పియానో కూడా ఉందని నవంబరు దాకా తెలియలేదు.

1981లో మేము మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్ళం. నా భర్త రత్నరాజు కారు తలుపుల హింజ్‌లు డిజైన్ చేసే ఆఫీసులో పనిచేసేవారు. తలుపు పడ్డ చప్పుడు విని అది సరిగా పడిందో లేదో చెప్పగలరు. సెప్టెంబరు మొదట్లో, లేబర్ డే సెలవు మర్నాడు ఆయన్నీ, ఆయన వరసలో కూర్చునే వాళ్ళందర్నీ లే ఆఫ్ చేశారు. నేను ఒక ఆసుపత్రిలో, మానసిక రోగుల వార్డులో నైట్ డ్యూటీ నర్సుని. పెళ్ళయిన ఏడేళ్ళలో ఎక్కువ భాగం నేను వచ్చేసరికి ఆయన వెళ్ళడమూ, ఆయన వచ్చేసరికి నేను బయల్దేరడమూ. ఇప్పుడు ఆయన వెళ్ళడం లేదు.

పొద్దున్న నేను వచ్చేసరికి ఉప్మా చేసి, మూత పెట్టి ఉంచేవారు. టేబుల్‌కి అటూ ఇటూ కూర్చుని తినేవాళ్ళం. తర్వాత నేను పైకి వెళ్ళి కిటికీకి దళసరి తెర వేసి పడుకునేదాన్ని. ఆయన నా నిద్ర చెడకూడదని, స్టీరియో తీసుకెళ్ళి బేస్‌మెంట్‌లో పెట్టుకుని, అక్కడే ఉండేవారు.

ఆ ఇంట్లో, కింద ఇల్లు వెచ్చబెట్టే ఫర్నెస్ దగ్గర్నుంచి మా పడకగదికి ఒక రేకు గొట్టం తిన్నగా పైకి వచ్చేది. మంచం పక్కన, నేలలో, దాని నోటికి జాలీ మూత. ఆయన ఎంత తగ్గించి పెట్టినా ఆ గొట్టంలోంచి పాట వచ్చేది. పాట మొత్తం రాదు. పల్చటి, గుచ్చుకునే స్వరం ఏదో అది మాత్రం వస్తుంది. మిగతాది కిందే ఉండిపోతుంది. ఉండిపోయేది ఒకటుందని నాకు తోచలేదు.

రోజూ అదే రికార్డు. లే ఆఫ్ అయిన రోజు పార్కింగ్ లాట్‌లో క్లారెన్స్ అనే నల్లాయన తన కారు డిక్కీలోంచి తీసి ఇచ్చాడట. ఈయనకి పక్క డెస్క్. ఈయనకంటే ఇరవై ఏళ్ళు సీనియర్. ఆయన్నీ ఆ రోజే పంపించేశారు. "ఇక నీకు వినడానికి బోలెడు టైముంది, వినడం నేర్చుకో" అన్నాడట. మా ఇంట్లో అంతవరకూ హార్మోనియం మీద పాడిన కీర్తనలు తప్ప ఇంకో సంగీతం లేదు. అట్ట మీద ఇద్దరు మనుషులు. పియానో ముందు టై కట్టుకుని కూర్చున్న భారీ మనిషి ఒకరు. మెళ్ళో శాక్సోఫోన్ వేలాడేసుకుని నేల చూస్తూ నిలబడ్డ యువకుడు ఒకరు. న్యూయార్క్‌లో ఎప్పుడో ఒక మధ్యాహ్నం ఈ ఒక్క రికార్డు చేసి, తర్వాత ఇద్దరూ మళ్ళీ కలిసి వాయించలేదని వెనకాల రాసుంది. ఇదంతా నేను తర్వాత చూసింది. రత్నరాజు వాళ్ళని పేర్లతో అనేవారు కాదు. పెద్దాయన, కుర్రాడు అనేవారు, మా ఇంట్లో అద్దెకుంటున్న వాళ్ళలాగా.

పైన నేను కళ్ళు మూసుకుని వినేదాన్ని. ఆ శాక్సోఫోన్ ఏదో అడుగుతుంది. ఆగుతుంది. జవాబు రాదు. అదే విషయం ఇంకో రకంగా అడుగుతుంది. మూసిన తలుపు ముందు నిలబడి ఎవరో మర్యాద తప్పకుండా మాట్లాడుతున్నట్టుండేది. వార్డులో మేము రోగి ఏమన్నాడో రాస్తాం. మాటకీ మాటకీ మధ్య ఎంతసేపు ఊరుకున్నాడో రాయం. నేను ఆ ఊరుకోవడాలనే వింటూ పడుకునేదాన్ని. అది కిందున్న మనిషి గొంతేనని, ఆయన నాతో చెప్పలేనిది ఎవరిచేతో చెప్పిస్తున్నారని ఒక్కో రోజు అనిపించేది. మనలో ఉన్నదాన్ని ఎదుటివాళ్ళలో చూడటానికి మా పాఠ్యపుస్తకాల్లో ఒక పేరుంది. ఆ పేరు తెలియడం వల్ల నాకేమీ ఉపయోగం కలగలేదు.

సాయంత్రం కిందికి వస్తే అడిగేవారు.

"నిద్ర పట్టిందా?"

"పట్టింది."

"సౌండ్ ఏమైనా పైకొచ్చిందా?"

"లేదండీ."

చెబితే ఆపేస్తారు. ఆపేస్తే ఆయన పగలంతా ఏం చేస్తారో నాకు తెలియదు. పైన పడుకుని నేను దేని గురించి ఆలోచించాలో అదీ తెలియదు.

అక్టోబరులో హ్యూస్టన్ నుంచి ఒక ఆసుపత్రి వాళ్ళు నర్సుల కోసం వచ్చి సౌత్‌ఫీల్డ్‌లో ఒక హోటల్లో దిగారు. మా వార్డులో అందరూ దాని గురించే మాట్లాడుకున్నారు. నేను ఎవరికీ చెప్పకుండా ఒక రోజు డ్యూటీ దిగి, యూనిఫాం మీదే వెళ్ళాను. నన్ను ప్రశ్నలు అడిగినావిడకి తెల్లజుట్టు, మంచి నవ్వు. అరగంట మాట్లాడి, కొత్తగా కట్టిన వార్డు మొత్తం చూసుకునే చార్జ్ నర్సుగా రమ్మంది.

"డే షిఫ్ట్," అంది. "థాంక్స్ గివింగ్ ముందు సోమవారానికి చెప్పెయ్యి."

పగలు పనిచేసి రాత్రి నిద్రపోవడం. అందరూ చేసే పనే. కారులో కూర్చుని ఆ మాట రెండు మూడు సార్లు నాలో నేను అనుకున్నాను. తర్వాతే గుర్తొచ్చింది, నాకొక ఇల్లు ఉంది, అందులో ఒక మనిషి ఉన్నారు.

మర్నాడు టేబుల్ దగ్గర చెప్దామనుకున్నాను.

"ఏవండీ, మీకు ఇక్కడే ఉండిపోవాలని ఉందా?"

"ఎక్కడ, కిచెన్‌లోనా?"

"మిషిగన్‌లో."

నవ్వారు. "జనవరి తర్వాత మళ్ళీ పనిలోకి రీకాల్ చేస్తారంటున్నాడు మా సూపర్‌వైజర్. ఫస్ట్ బ్యాచ్‌లో నా పేరుందంట. మిషిగన్ మనల్ని అంత ఈజీగా వదల్దులే." నా మొహంలోకి చూసి, "కళ్ళు పీక్కుపోయాయి. వెళ్ళి పడుకో" అన్నారు.

వెళ్ళి పడుకున్నాను. కాసేపటికి గొట్టంలోంచి మొదలైంది.

ఇక్కడ మా ప్రార్థన కూటం గురించి చెప్పాలి. ఆ ప్రాంతంలో తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఏడో ఎనిమిదో. పాస్టరు లేరు. శుక్రవారం సాయంత్రాలు సత్యానందం గారింట్లో కలిసేవాళ్ళం. ఆయన వారమంతా ఒక ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టరు, శుక్రవారం మాకు పెద్ద. కీర్తన అయ్యాక, ప్రార్థనకి ముందు, ఎవరి అవసరతలు వాళ్ళు పైకి చెప్పాలి. వీసా, మోకాలి నొప్పి, పిల్లల పరీక్షలు, ఏదైనా. అక్కడ చెప్పిన దానికి ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. భార్యాభర్తలైనా సరే. అందరూ ఆమెన్ అంటారు, మాట దేవుడి దగ్గరికి వెళ్ళిపోతుంది. సత్యానందం గారి భార్య కరుణమ్మ గారు దీన్ని బాగా వాడుకునేది. ముసుగు సర్దుకుని, కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ ఇంట్లో ఒకరికి గరాజు శుభ్రం చేసే మనసు దయచేయి" అనేది. సత్యానందం గారు కూడా మా అందరితోపాటు ఆమెన్ అనక తప్పేది కాదు. శనివారం గరాజు శుభ్రమయ్యేది. మేం దాన్ని తలుచుకుని నవ్వుకునేవాళ్ళం. ఇంట్లో మొహమ్మీద చెప్పలేనిది అక్కడ చెబితే ఫలితం ఉంటుందని నేను నిజంగానే నమ్మాననుకుంటాను.

ఆ శుక్రవారం నా వంతు వచ్చినప్పుడు తల వంచుకునే చెప్పాను.

"హ్యూస్టన్‌లో ఒక జాబ్ ఆఫర్ వచ్చింది. డే షిఫ్ట్. వెళ్ళాలో వద్దో దేవుడు చూపించాలి."

రత్నరాజు మగవాళ్ళ వైపు, కిటికీ పక్కన మఠం వేసుకుని కూర్చున్నారు. తల ఎత్తలేదు. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. రావడానికి కారణం లేదు. భర్తకి తెలియకుండా భార్య అంతమందిలో చెబుతుందని ఎవరనుకుంటారు? ఇద్దరూ కలిసి అనుకుని వచ్చారనే అనుకున్నారు. సత్యానందం గారు ప్రార్థన మొదలుపెట్టారు. నేను వెళ్ళాలో వద్దో అని అడిగింది ఆయన నోట్లో అప్పుడే మారిపోయింది. "హ్యూస్టన్‌లో ద్వారము తెరిచిన దేవా," అన్నారు, "ఈ బిడ్డలిద్దరినీ క్షేమంగా అక్కడికి నడిపించండి."

చివర్లో అన్ని గొంతుల్లో నేను ఒక గొంతు కోసం విన్నాను. అది ఆలస్యంగా రాలేదు, తడబడలేదు.

"ఆమెన్," అన్నారు రత్నరాజు.

తర్వాత భోజనాలు. కరుణమ్మ గారు నా ప్లేట్‌లో కోడికూర వేస్తూ, "ఎంత గుట్టు పిల్లా నీది. నాతో కూడా అనలేదే" అంది. "హ్యూస్టన్‌లో పెరట్లో బెండకాయలు కాస్తాయంట. మా బతుక్కి ఈ ఫ్రోజెనే."

"ఇంకా ఏమీ అనుకోలేదక్కా."

"అనుకునేదేముంది, ఇందాక అందరం ప్రార్థన చేశాం కదా."

అవతల మగవాళ్ళలో సుందర్ రాజ్ గారు రత్నరాజు భుజం మీద చెయ్యేశారు. "మీరు లక్కీ అండీ. అక్కడ ఆయిల్ కంపెనీలవాళ్ళు మనలాంటోళ్ళని రోడ్డు మీద ఆపి తీసుకుంటున్నారంట. కారు నంబర్ ప్లేట్ చూసే, మిషిగన్ వాడొచ్చాడురా అంటారంట. నాకూ ఏదన్నా ఉంటే చూడండి."

"చూద్దామండీ."

"మళ్ళీ మర్చిపోతారేమో, బెండకాయలు తింటూ."

రత్నరాజు నవ్వారు. ఆ నవ్వులో లోపం పట్టుకోవాలని చూశాను. అలవాటైన చూపు నాది. రోగి తన గురించి చెబుతూ నవ్వితే అది ఎక్కడ ముగుస్తుందో చూస్తాం. ఆయన నవ్వు మామూలుగానే ముగిసింది.

కారులో ఇంటికి బయల్దేరాం. రెండు మలుపులు దాటాక ఎర్రలైటు దగ్గర ఆగాం.

"నీ డోర్ సరిగా పడలేదు," అన్నారు.

తెరిచి మళ్ళీ వేశాను.

"ఇప్పుడు పడింది."

అంతే. నన్ను ఇంటి దగ్గర దింపారు. నేను యూనిఫాం వేసుకుని నా కారులో డ్యూటీకి వెళ్ళాను.

ఆ తర్వాతి వారాల్లో ఆయన నాకు ఏ లోటూ రానివ్వలేదు. ఆటో క్లబ్‌కి వెళ్ళి హ్యూస్టన్ దాకా దారి గుర్తు పెట్టిన మ్యాపు తెచ్చి టేబుల్ మీద పెట్టారు. నా కారుకి ఆయిల్ మార్పించారు, కొత్త టైర్లు వేయించారు. "అక్కడ అంతా హైవేలే," అన్నారు. ఎవరితో వెళ్తానో, ఎన్నాళ్ళకి వెళ్తానో, ఆయన సంగతేమిటో ఒక్క మాట లేదు. నేనూ అడగలేదు. ఆ ఉద్యోగానికి ఇంకా ఒప్పుకోలేదని చెప్పడానికి కూడా సందు దొరకలేదు, ఎందుకంటే ఆయన అడగలేదు. ఒక మనిషిని పంపించెయ్యాలనుకుంటే ఇంతకంటే మర్యాదగా పంపించలేరు అనుకునేదాన్ని టైర్లు చూసినప్పుడల్లా. ఆయన ఏమనుకుంటున్నారో నాకు తెలియదు. వార్డులో నోరు విప్పని మనుషుల పక్కన గంటలు గంటలు కూర్చోగలను, అందుకు నన్ను మెచ్చుకుంటారు కూడా. ఇంటికొస్తే ఆ విద్య పనిచేయడం లేదు. వార్డులో నాకు కావలసింది ఏమీ ఉండదు, అదీ తేడా.

గొట్టంలోంచి మాత్రం రోజూ వచ్చేది. ఈలోగా చలి మొదలై ఫర్నెస్ ఫ్యాను తిరిగేది. అది తిరిగినంతసేపూ గాలి హోరు తప్ప ఏమీ వినిపించదు. ఆగితే మళ్ళీ ఆ ఒక్క గొంతు. మధ్యలో ఏం జరిగిందో తెలియకుండా, ఎక్కడో ఒకచోట నుంచి.

నవంబరులో, థాంక్స్ గివింగ్‌కి ముందు వారం గురువారం నాకు బాగా గుర్తు. సోమవారం నేను హ్యూస్టన్‌కి ఫోన్ చెయ్యాలి. పొద్దున్న డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు మంచు సన్నగా పడుతోంది. పడుకున్న కాసేపటికి చలికి మెలకువ వచ్చింది. దుప్పటి మీద దుప్పటి వేసుకున్నా ఆగలేదు. జాలీ మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. ఫ్యాను చప్పుడు లేదు. ఫర్నెస్ ఆగిపోయింది.

నైట్ గౌను మీద ఓవర్‌కోటు వేసుకుని కిందికి, అక్కడ్నుంచి బేస్‌మెంట్‌కి దిగాను. మెట్ల మధ్యలో ఆగిపోయాను.

రత్నరాజు కూడా కోటు వేసుకుని, మడత కుర్చీలో, చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నారు. నన్ను చూసి లేచారు.

"చలికి లేచావా? ఫర్నెస్ పోయింది. ఫోన్ చేశాను, రిపేర్ మనిషి పదకొండు లోపల వస్తానన్నాడు."

"అదేంటి?"

"ఏది?"

"ఆ పియానో."

స్టీరియో వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు. "పియానోయే."

"ఎప్పట్నుంచి ఉంది?"

"మొదట్నుంచీ ఉంది, దెబోరా. అసలు పెద్దాయన రికార్డే ఇది." పైకి వెళ్ళే గొట్టం వైపు తలెత్తి చూశారు. "పైకి వినపడేదా?"

"రోజూ."

"చెప్పలేదేం?"

"చెబితే ఆపేసేవారు."

ఆలోచించి, "ఆపేసేవాణ్ణి" అని ఒప్పుకున్నారు. "మరి ఇన్నాళ్ళూ ఏం విన్నావు?"

"కుర్రాణ్ణి. ఒక్కణ్ణే."

ఆయన ముల్లు ఎత్తి మళ్ళీ మొదట్లో పెట్టారు. కుర్చీ నాకిచ్చి ఆయన మెట్టు మీద కూర్చున్నారు. మా ఊపిరి పొగలా కనిపిస్తోంది.

మా కీర్తనల్లో హార్మోనియం పాడేవాళ్ళ వెంట నీడలా నడుస్తుంది. పెద్దాయన అలా నడవడం లేదు. కుర్రాడు ఊహించని చోట ఒక స్వరం పెట్టి, దాన్ని అలాగే వదిలేసి, ఊరుకుంటున్నాడు. కొన్ని చోట్ల మెట్ల మీద కాలు జారినట్టు రెండు మూడు స్వరాలు ఒకేసారి పడేస్తున్నాడు. నేను పైన పడుకుని జవాబు రాలేదనుకున్న ప్రతి చోటా జవాబు ఉంది. గొట్టం ఎక్కి రాగలిగినంత గట్టిగా లేదు, అంతే. మూడు నెలలు నేను జాలిపడ్డ మనిషికి పక్కనే తోడుంది. నాకు సంతోషం కలగలేదు. ఎందుకో మోసపోయినట్టనిపించింది, కుర్రాడు నన్ను వదిలేసి తన వాళ్ళలో కలిసిపోయినట్టు.

మూడో పాట మధ్యలో పియానో ఆగింది. శాక్సోఫోన్ మాత్రం సాగుతోంది. ఇది నాకు తెలుసు. పైన విన్నది ఇలాగే ఉండేది.

"ఇప్పుడు ఆపేశాడేం?"

"ఇక్కడ ఆపేస్తాడు. ఇంకో కచేరీలో క్లారెన్స్ ఒకసారి దగ్గరుండి చూశాడంట. పెద్దాయన చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంటాడంట. పక్కవాడికి చోటివ్వడానికి."

"కుర్రాడు అడిగాడా, చోటు?"

"అడగడమేంటి. మ్యూజిక్‌లో అడుగుతారా."

"మరి పెద్దాయనకి ఎలా తెలుసు? అలిసిపోయి ఆపాడేమో. విసుగొచ్చిందేమో."

"విసుగొచ్చినవాడు మళ్ళీ కరెక్ట్‌గా ఎందుకొస్తాడు? విను."

విన్నాం. చాలాసేపు పట్టింది. కుర్రాడు ఒక మాట పట్టుకుని పైపైకి తీసుకెళ్ళి, అక్కడ ఏం చెయ్యాలో తెలియనట్టు దాన్నే తిప్పి తిప్పి చూస్తున్నాడు. రత్నరాజు చూపుడు వేలు కొద్దిగా లేచింది. అప్పుడు పియానో, ఒకే ఒక్క స్వరం.

"చూశావా," అన్నారు.

"కుర్రాడికి తెలుసా, తిరిగొస్తాడని?"

పాట అయిపోయి ఇంకోటి మొదలైంది.

"కుర్రాడి సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు," అన్నారు.

ఆ పక్క అయిపోయింది. ముల్లు మధ్యలో గీసుకుంటూనే ఉంది. ఎవరమూ లేవలేదు.

"ఆమెన్ ఎందుకన్నారు?" అన్నాను.

"నువ్వు దేవుణ్ణడిగావు. నన్నడగలేదు."

కోపంగా అనలేదు. అన్నాళ్ళూ దాన్ని అక్కడే పెట్టుకుని, నేను వస్తే ఇద్దామని ఎదురు చూసినట్టు అన్నారు. నాకు మొహం వేడెక్కింది. చలిలో అది స్పష్టంగా తెలిసింది.

"ఇప్పుడు అడుగుతున్నాను," అన్నాను. "నాతో హ్యూస్టన్ వస్తారా?"

పైన కాలింగ్ బెల్ మోగింది. ఆయన కదల్లేదు. కళ్ళజోడు తీసి కోటు అంచుతో తుడుచుకున్నారు. రెండోసారి మోగింది.

"రాను, దెబోరా," అన్నారు. కళ్ళజోడు పెట్టుకుని తలుపు తియ్యడానికి వెళ్ళారు.

రిపేర్ మనిషి పెట్టె పట్టుకుని బూట్ల మంచుతో దిగాడు. ఎత్తు మనిషి, పైపులు తగలకుండా వంగి నడిచాడు. ఇద్దరం కోట్లలో అటొకరూ ఇటొకరూ నిలబడి ఉండటం చూసి, చాలాసేపటి నుంచి ఎదురు చూస్తున్నారా అనడిగాడు. "యెస్," అన్నారు రత్నరాజు. అతను ఫర్నెస్ విప్పి పడుకుని, లోపలికి టార్చి వేసి, తనలో తను పాడుకుంటూ పనిచేశాడు. మేమిద్దరం అతని బూట్లు చూస్తూ నిలబడ్డాం. అతనికి ఒక స్పానర్ కావలిస్తే అందించాను.

అతను వెళ్ళాక రత్నరాజు మళ్ళీ మెట్టు మీద కూర్చున్నారు.

"రీకాల్ కోసం కాదు," అన్నారు. "అది వచ్చినా రాకపోయినా. చిన్నప్పుడు మిషన్ హాస్టల్, ఒక హాల్లో అందరం. తర్వాత అన్నయ్య వాళ్ళింట్లో. తర్వాత నువ్వు. నేనొక్కణ్ణీ ఎలా ఉంటానో నాకు తెలీదు. ఒక్కణ్ణీ ఉన్నది ఈ మూడు నెలలే. నువ్వు పైన పడుకుని ఉంటే నేనిక్కడ."

"బాగుందా?"

"బాగుండటం కాదు. భయంగా ఉంది. కానీ లేచి వెళ్ళాలనిపించలేదు."

"నన్ను ఉండిపొమ్మంటారా?"

"అనను. అంటే ఉండిపోతావు."

మా వార్డులో ఒకావిడ వచ్చిన దగ్గర్నుంచీ ఎవరితోనూ మాట్లాడలేదు. ఒక రోజు నేను దుప్పటి సర్దుతుంటే "పో" అంది. ఆ రోజు డ్యూటీ దిగి వస్తూ దారంతా నేను నవ్వుకుంటూ వచ్చాను. రత్నరాజు "రాను" అన్నప్పుడు నాకు కలిగింది అలాంటిదే అని చెబితే అబద్ధం. చాలా నొప్పి పుట్టింది. కానీ అందులో ఆ నవ్వు కూడా కొంచెం ఉంది. ఏడేళ్ళలో ఆయన నాతో నాకు నచ్చని మాట అనడం అదే మొదలు.

పైకి వెళ్ళి పడుకున్నాను. జాలీలోంచి వెచ్చటి గాలి వచ్చింది. ఆయన ఆ రోజు రికార్డు పెట్టలేదో, ఫ్యాను హోరులో వినిపించలేదో. చీకటి పడేదాకా నిద్రపోయాను.

సోమవారం ఫోన్ చేసి వస్తానని చెప్పాను. కూటంలో అందరూ ఆయన ఇల్లు అమ్మి వెనకాల వస్తారనుకున్నారు. "ఎప్పుడొస్తారంట?" అంది కరుణమ్మ గారు ఆఖరి శుక్రవారం. "చూడాలక్కా" అన్నాను. ఆమె నా మొహం చూసి, పచ్చడి సీసా ఒకటి కాగితాల్లో చుట్టి నా చేతిలో పెట్టింది. మూత ఊడకుండా ప్లాస్టిక్ కవరు వేసి దారం కట్టింది.

జనవరి రెండో వారంలో బయల్దేరాను. దారి తోడు వచ్చి విమానంలో వెనక్కి వెళ్తానన్నారు రత్నరాజు. వద్దన్నాను. చపాతీలు, గుడ్ల వేపుడు, ఫ్లాస్కులో టీ ముందు సీట్లో పెట్టారు. అద్దం మీద మంచు గీకారు. కిటికీ దించితే లోపలికి వంగి, "అలిసిపోతే ఆగు. ఎక్కడైనా ఆగొచ్చు" అన్నారు. వెనక్కి తిరిగి చూడాలా వద్దా అని నేను ఆలోచిస్తుండగానే వీధి మలుపు వచ్చేసింది.

టొలీడో దాటాక ఒక ట్రక్కు నన్ను ఆనుకునేంత దగ్గరగా వెళ్ళింది.

"చూశారా వీడి తొందర," అన్నాను పైకే.

తర్వాత ఆపలేకపోయాను. ఒహాయో అంతా చదునుగా, తెల్లగా ఉంది, చూడటానికి ఏమీ లేదు. తెల్లజుట్టు ఆవిడ నన్ను ఇంటర్వ్యూ చేసిన సంగతి చెప్పాను. "పో" అన్న రోగి సంగతి చెప్పాను. కొత్త టైర్లు చూస్తే నాకు ఏడుపొచ్చేదని చెప్పాను. ఆయన చేసే ఉప్మా నాకు ఏనాడూ నచ్చలేదని, ఉండ కడుతుందని, నీళ్ళు మరిగాకే రవ్వ పోయాలని చెప్పాను. ఏడేళ్ళలో ఆయనతో మాట్లాడినంత ఆ ఒక్క పగట్లో మాట్లాడాను.

సిన్సినాటి దగ్గర వంతెన ఎక్కుతుండగా గమనించాను. ఒక్కో మాట అన్నాక ఆగుతున్నాను. ఆయన కప్పు కింద పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, ఏదో ఒకటి అనడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు. కింద నది అంచుల దగ్గర గడ్డ కట్టి, మధ్యలో నల్లగా పారుతోంది. వంతెన పొడుగునా ఆగాను. అవతలి ఒడ్డు వచ్చింది. తర్వాతి మాట మొదలుపెట్టాను.